ఎవరి జీవనం, ఎవరి శైలి?

బీపీ, షుగరు, గుండెపోటు, పక్షవాతం, ఆయాసం, క్యాన్సరు. ఒకరి నుంచి ఒకరికి అంటని ఈ రోగాలను ప్రభుత్వ కాగితాలు అసంక్రమిక వ్యాధులు అంటాయి. ఆ మాట నోరు తిరగదు కాబట్టి ఆస్పత్రి గోడల మీద, పేపర్లలో, టీవీల్లో ఇంకో మాట వాడుతున్నారు: జీవనశైలి జబ్బులు. వినడానికి తేలికగా ఉంటుంది. కానీ దాని లోపల ఒక తీర్పు ఉంది. నీ జబ్బుకు నువ్వు బతికే తీరే కారణం, నువ్వు మారితే జబ్బు పోతుంది అని. ఈ తీర్పుతో మాకు పేచీ ఉంది.

శైలి అనేది ఎంచుకునే వీలున్నవాడికి ఉంటుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చెరువు కట్టల కింద, కాలవ గట్ల మీద, ఊరికి ఆవల గుట్టల పక్కన ఉన్న యానాది కాలనీల్లో, ఎరుకల వీధుల్లో, సుగాలి తాండాల్లో ఏం తినాలో, ఏ పనికి పోవాలో, ఏ పొగ పీల్చాలో ఎంచుకునే వీలు ఎందరికి ఉంది? రేషను షాపు ఏమిస్తే అది తింటాం. అడ్వాన్సు ఎవరిస్తే వాళ్ళ పనికి పోతాం. పెద్దమనుషులు ఊరవతల ఏ జాగా చూపిస్తే అక్కడ గుడిసె వేసుకుంటాం. దీనికి జీవనశైలి అని పేరు పెట్టడం ఎంత ధైర్యం!

మా మీద తీర్పు చెప్పే మాటలు మాకు కొత్త కావు. నేరస్థ జాతుల చట్టం 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాని కింద ఎరుకలవారిని పుట్టుకతోనే దొంగలని రాశారు. పోలీసుల ముందు హాజరు వేయించారు. 1952లో ఆ చట్టం పోయింది. అప్పుడు పుట్టుక మీద పడిన నింద ఇప్పుడు అలవాటు మీద పడుతోంది. తాగుతారు, పొగ పీలుస్తారు, శుభ్రం తెలియదు, చెబితే వినరు, మందులు మింగరు. ఈ మాటలు మేము స్టాఫు రూముల్లో విన్నాం, ఆస్పత్రి వరండాల్లోనూ విన్నాం.

ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే ఫారం ఒకటి ఉంది. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ అది నింపాలి. వయసెంత, పొగాకు వాడతారా, రోజూ తాగుతారా, నడుము చుట్టుకొలత ఎంత, వారానికి కనీసం 150 నిమిషాలు శరీరానికి శ్రమ ఇస్తారా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా అని అందులో ప్రశ్నలు. ఒక్కో జవాబుకు మార్కులు. మొత్తం 4 దాటితే ముందుగా పరీక్షకు పిలవాలి. ఒక కాలనీలో ఈ ఫారం నింపుతుంటే జరిగిన మాటలు మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

"రోజూ వాకింగు చేస్తావా అవ్వా?"

"వాకింగంటే ఏంది నర్సమ్మా?"

"ఊరికే నడవడం."

"ఊరికే ఎందుకు నడస్తాం తల్లీ! పనుంటే నడస్తాం."

అవ్వ జవాబు సరైనదే. ఆమె పొద్దున నీళ్ళకు నడుస్తుంది, కట్టెలకు నడుస్తుంది, కూలికి నడుస్తుంది. నారు పీకేటప్పుడు, చెరకు కొట్టేటప్పుడు, మట్టి తొక్కేటప్పుడు ఆమె ఒంటికి పడే శ్రమను నిమిషాల్లో లెక్కేస్తే ఫారంలో గడి చాలదు. కాబట్టి ఆ ప్రశ్న దగ్గర మాకు మార్కులు పడవు. నడుము కొలత దగ్గరా పడవు. ఎండిపోయిన నడుములు మావి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. అదే ఫారంలో ఇంకాస్త కిందికి వస్తే వేరే ప్రశ్నలున్నాయి. వంట దేనితో చేస్తారు, కట్టెలా, పిడకలా, గ్యాసా? చెత్త, పంట మొదళ్ళు తగలబెట్టే పని చేస్తారా? ఇటుక బట్టీల్లాంటి పొగ, దుమ్ము ఉన్నచోట పని చేస్తారా? ఇవి మా ప్రశ్నలు. మా బతుకు తెలిసినవాళ్ళెవరో వీటిని చేర్చి ఉంటారు. అయితే వీటికి మార్కులు లేవు. వర్తించినదాని చుట్టూ సున్నా చుట్టి వదిలేయడమే. బీడీ పొగకు మార్కులున్నాయి, బట్టీ పొగకు లేవు. మనిషి చేసిన తప్పుకు లెక్క ఉంది. యజమాని, ప్రభుత్వం కలిసి మనిషికి చేసినదానికి లెక్క లేదు. జీవనశైలి అనే మాటకు అర్థం ఏమిటో తెలియాలంటే నిఘంటువు వెతకనక్కరలేదు, ఈ ఫారం చాలు.

ఇప్పుడు తిండి దగ్గరికి వద్దాం. రాయలసీమ దక్షిణాన రాగి సంగటి, సద్ద, కొర్ర, ఆరిక మొన్నమొన్నటి వరకు పేదవాడి తిండి. మా పెద్దలకు దానితోపాటు అడవి గడ్డలు, తేనె, చెరువు చేప, ఎండ్రకాయ, పొలం ఎలుక, దొగ్గలాకు, చెంచలాకు ఉండేవి. ఎలుకలు తింటారని మమ్మల్ని వెక్కిరించిన ఊళ్ళు, ఆ ఎలుకల వల్ల తమ వరి మిగిలిందని మాత్రం చెప్పుకోవు. మాకు ఆ మాంసమే బలం. తర్వాత చేలల్లోకి చెనిక్కాయ వచ్చింది, మామిడి తోటలు వచ్చాయి, రాగి తగ్గింది. శేషాచలం కొండలు 1989లో జాతీయ పార్కయ్యాయి. 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయ్యాయి. ఎర్రచందనం దొంగల పేరు చెప్పి తేనెకు, గడ్డలకు పోయినవాడినీ ఆపుతున్నారు. శ్రీహరికోట సంగతి అందరికీ తెలిసిందే. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు, 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. అడవికీ పులికాట్ సరస్సుకూ మధ్య గడ్డలు తవ్వి, చేపలు పట్టి బతికిన యానాదులు కాలనీల్లోకి, కూలి పనుల్లోకి వచ్చిపడ్డారు. ఆ దీవి ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. మన పిల్లలను ఎక్స్‌కర్షనుకు తీసుకుపోయి రాకెట్ చూపిస్తాం. అక్కడ ఎవరి పొయ్యిలు ఆరిపోయాయో చెప్పే పాఠం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

అడవి పోయినచోటికి రేషను బియ్యం వచ్చింది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆకలి తీరింది. దాన్ని మేము తక్కువ చేయం. ఆకలి తెలిసినవాళ్ళం. కానీ 40 ఏళ్ళుగా ఎక్కువగా తెల్ల బియ్యమే ఇచ్చి, పప్పూ కూరా నూనే మీ తిప్పలు మీరు పడండి అంటే ఏమవుతుంది? మూడు పూటలా అన్నం, అందులోకి ఎండుచేప, ఊరగాయ, ఉప్పు కలిపిన గంజి, పచ్చిమిరపకాయ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది. అంటే ఒక చిన్న చెంచా. కూర కొనలేని ఇంట్లో అన్నం దిగాలంటే ఉప్పూ కారమే దారి. ఈ ఉప్పును నాలుక చాపల్యమని తిట్టేవాళ్ళు ఆ ఇంటి కూర చట్టిలోకి ఒకసారి తొంగిచూడాలి.

2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, ముతక ధాన్యాలు 1 రూపాయి అని రాసి ఉంది. ముతక ధాన్యాలంటే రాగులు, జొన్నలు, సజ్జలే. చట్టం రాసిన నాడే రాగులిచ్చే దారి ఉంది. మా సంచుల్లోకి ఏళ్ళ తరబడి పడింది మాత్రం బియ్యమే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ ఏడాది మార్చిలోనే మన బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. మంచిదే, పిల్లలు తాగుతున్నారు. తిరుపతి పట్నంలో కొర్ర బియ్యం, ఆరికలు అందమైన ప్యాకెట్లలో ఆరోగ్యం పేరిట అమ్ముతున్నారు. మా నాయనమ్మల కుండలో ఉన్నప్పుడు అది అనాగరికుల తిండి, ప్యాకెట్లోకి ఎక్కాక ఆరోగ్య రహస్యం. ఇంకొక మాట కూడా చెప్పాలి. రాగి మంత్రం కాదు. మెత్తటి పిండితో చక్కెర కలిపి జావ కాచుకుంటే షుగరున్నవాడికి అదీ షుగరే. సంగటి తింటే ఆకు, పప్పు, చేప వెంట ఉండాలి. మన పెద్దలు తిన్నది అలాగే.

మావాళ్ళలో ఒక నమ్మకం ఉంది, లావుగా ఉన్నవాళ్ళకే షుగరు వస్తుందని. ఇది చాలా ప్రమాదకరమైన నమ్మకం. ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు, తల్లి కడుపులో సరిగా ఎదగక తక్కువ బరువుతో పుట్టినవాళ్ళకు పెద్దయ్యాక గుండెజబ్బు, షుగరు ఎక్కువ వస్తున్నాయని చూపించాడు. మన దేశంలో పూనా చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ చూసింది ఇంకా దగ్గరి సంగతి. మన దేశపు పిల్లలు పుట్టేటప్పుడే సన్నగా ఉంటారు, కండ తక్కువ, లోపల కొవ్వు మాత్రం తక్కువ కాదు. ఆ ఒళ్ళు ఆకలికి తయారై పుట్టింది. తర్వాత తెల్లన్నం, చక్కెర టీ, ఐదు రూపాయల చిప్సు ప్యాకెట్టు మీద బతకమంటే తట్టుకోలేదు. ఏడో నెల దాకా బట్టీలో ఇటుకలు మోసిన తల్లికి తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు 35 ఏళ్ళకే షుగరు వస్తే, దాన్ని ఎవరి జీవనశైలి ఖాతాలో రాయాలి?

2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని చెప్పింది. పెద్దవాళ్ళలో మూడో వంతు పైగా బీపీ ఉందని చెప్పింది. గిరిజనుల గురించి 2018లో డాక్టర్ అభయ్ బంగ్ నాయకత్వంలోని నిపుణుల కమిటీ పెద్ద నివేదిక ఇచ్చింది. పెద్దవాళ్ళయిన గిరిజనుల్లో ప్రతి నలుగురిలో ఒకరికి బీపీ ఉందని అందులో ఉంది. ఉన్నవాళ్ళలో ఆ సంగతి తెలిసినవాళ్ళు బహు తక్కువ. 15 నుంచి 54 ఏళ్ళ గిరిజన మగవాళ్ళలో 72 శాతం పొగాకు వాడతారని, సగం పైన తాగుతారని కూడా ఉంది. మిగతా జనంలో ఆ లెక్కలు 56, 30.

ఈ 72 అంకెను మేము దాచం. ఖైనీ, బీడీ, చుట్ట, ఆకూవక్కలో పొగాకు కాడ, ఇవి మన కాలనీల్లో ఆడవాళ్ళ దగ్గరా ఉన్నాయి. రొయ్యల గుంతల కాపలాకు పోయినవాడు తెల్లవార్లూ కళ్ళు తెరుచుకుని ఉండాలి. ఆకలి తెలియకూడదు, నిద్ర రాకూడదు. పెదవి కింద ఖైనీ పెట్టుకోకపోతే వాడి పని జరగదు. ఇది కారణం మాత్రమే, సాకు కాదు. పొగాకు నోటి క్యాన్సరు తెస్తుందనేది మన కులం చూసి మారే నిజం కాదు. పదహారేళ్ళ తమ్ముళ్ళు ప్యాకెట్టు చించి అరచేతిలో నలుపుతుంటే, అది మన సంస్కృతి అని కవిత్వం రాసే మనవాళ్ళతోనూ మాకు పేచీయే. ఏ ప్యాకెట్టూ మన సంస్కృతి కాదు.

సారా సంగతికొస్తే రాష్ట్ర చరిత్రే సాక్ష్యం. 1992లో మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా పాటలు ఆపించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం. 1997లో ఖజానా చాలడం లేదని ఎత్తేశారు. 2024 అక్టోబరులో 99 రూపాయల క్వార్టరు సీసా వచ్చింది, పేదవాడికి అందుబాటులో ఉండాలని! బీపీ మాత్ర ఒకటి రూపాయి, రెండు రూపాయలు. సీసాకు కొరత రాదు, మాత్రకు వస్తుంది. ఇంతకంటే వివరంగా ప్రభుత్వాల జీవనశైలిని మేము వర్ణించలేం.

మాత్రల మాట వచ్చింది కాబట్టి అసలు కష్టం చెబుతాం. బీపీకైనా షుగరుకైనా మందు రోజూ పడాలి, ఏళ్ళ తరబడి పడాలి. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి గుర్తుండదు. 104 బండి నెలకోసారి వస్తుంది, రోడ్డు మీద ఆగుతుంది, పగలు వస్తుంది. ఆ వేళకు కాలనీలో ముసలివాళ్ళు, పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. సంక్రాంతి దాటితే కుటుంబాలకు కుటుంబాలు తమిళనాడులో తిరువళ్ళూరు వైపు బట్టీలకు పోతాయి. అక్కడ ఈ చీటీ చూసి మందిచ్చేవాళ్ళు ఎవరు? అడ్వాన్సు తీరేదాకా బట్టీ దాటనివ్వరు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, వెట్టి మాత్రం అడ్వాన్సనే పేరుతో బతికే ఉంది. మాకు తెలిసిన ఒకామె ఇలాగే మందు ఆపేసి బట్టీలోనే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి, వ్యానులో తిరిగొచ్చింది. వయసు 40 లోపు. అడ్వాన్సు మిగిలిపోయిందని ఆమె కూతుర్ని బడి మాన్పించి బట్టీకి పిలిచారు. ఆమె చీటీ మీద "మందులు సరిగా వాడలేదు" అని రాసి ఉంది.

గుండెకు ఆపరేషన్ కావలిస్తే ప్రభుత్వం లక్షలు కడుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేరు మారినా ఈ రోజుకూ నడుస్తోంది. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది. అక్కడిదాకా చేరి బతికినవాళ్ళు మనలోనూ ఉన్నారు. కానీ అక్కడికి చేరకుండా చేసేది రూపాయి మాత్ర. కార్డు కావాలంటే ఆధార్ కావాలి, ఆధార్ కావాలంటే ఏదో ఒక కాగితం కావాలి. గట్టు మీద పుట్టినవాడికి కాగితం ఎవరిచ్చారు? గ్యాసు సిలిండరు ఉచితమే, ముందు డబ్బు కడితే తర్వాత బ్యాంకు ఖాతాలో వేస్తారు. ముందు కట్టే డబ్బు, ఖాతా, రెండూ లేని ఇంట్లో కట్టెల పొయ్యే గతి. మళ్ళీ ఆ పొగకు మార్కులు లేవు.

ఇంకో సంగతి. గిరిజనులంటే పాడేరు, అరకు, రంపచోడవరం అనుకునే అలవాటు పాలకులకూ ఉంది, మన ఉద్యమాలకూ ఉంది. రాయలసీమలో షెడ్యూల్డ్ ప్రాంతం ఒక్క ఎకరం కూడా లేదు. యానాదులకు నెల్లూరులో ఐటీడీఏ ఉందనేది నిజమే, కానీ గట్టు మీది గుడిసెకు అది ఎంత దూరమో నడిచినవాడికి తెలుసు. 2011 జనాభా లెక్కల్లో యానాదులమే 5 లక్షల పైన ఉన్నాం. ఊరికొక పది ఇళ్ళుగా చెదిరిపోయి ఉంటే సర్వేలో కూడా చెదిరిపోతాం. జిల్లా సగటులో మన బీపీ, మన చావు కలిసిపోయి కనబడకుండా పోతాయి.

ఇక మనలో మనం తేల్చుకోవలసింది ఒకటుంది. ఆదివాసీకి బీపీ, షుగరు రావు, అవి పట్నం రోగాలు, మన ఆకు మందు చాలు అనేవాళ్ళు మనలో పెద్దలున్నారు, చదువుకున్న కుర్రాళ్ళూ ఉన్నారు. యానాదుల మూలికా జ్ఞానం గొప్పది. పాము కాటుకు మన దగ్గరికి పరుగెత్తివచ్చిన పెద్ద కులాల కథలు ఎన్నో విన్నాం. ఆ గౌరవం అలాగే ఉంచుకుందాం. అయితే బీపీ ముఖం చూస్తే తెలియదు, నాడి పట్టుకుంటే తెలియదు. చేతికి పట్టీ కట్టి గాలి ఊదితేనే తెలుస్తుంది. రోజువారీ మాత్ర ఆపి కషాయం తాగమని చెప్పేవాడు మనవాడైనా సరే, వాడి మాట వినకూడదు. మనవాడు చెప్పాడని చావలేం కదా. ఉద్యోగాలొచ్చిన మనవాళ్ళ గురించీ ఒక మాట. బండి మీద బడికి, కుర్చీలో ఆఫీసుకు పోయే మనకు ఆ ఫారంలోని 150 నిమిషాల ప్రశ్న అచ్చంగా సరిపోతుంది. అవ్వను వదిలేసి మనల్ని అడిగితే న్యాయంగా ఉంటుంది.

టీచర్లకు చేతిలో ఉన్న పని చాలా ఉంది. 2003 పొగాకు చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు. గేటు ముందు బంకులో ప్యాకెట్లు వేలాడుతుంటే చూసి తలదించుకుని లోపలికి పోకండి. గజాలు కొలిపించండి, పిల్లలకు అదొక లెక్కల పాఠం. హాస్టలు మెనూలో రాగి, గుడ్డు, ఆకుకూర కాగితం మీద ఉన్నాయా, కంచంలో ఉన్నాయా చూడండి. దూబగుంటను లేపింది ఒక పాఠమని మరిచిపోకండి. మార్కులు లేని ఆ మూడు ప్రశ్నల మీద ఒక పాఠం మనం రాసుకోలేమా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, 30 దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సరు పరీక్ష, ఆడవాళ్ళకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్ష ఉచితంగా చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఫారంలో 4 మార్కులు రాకపోయినా చేయాలి. మీ కాలనీలో 30 దాటినవాళ్ళ పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరికి పరీక్ష జరిగింది, ఎవరికి మాత్ర ఇచ్చారు, ఏ నెల ఇవ్వలేదు, బట్టీకి ఎవరు పోయారు, ఎన్ని నెలలకు పోయారు, అంతా రాయండి. బట్టీలకు పోయేవాళ్ళకు పోయే ముందే మూడు నెలల మందులు ఇవ్వాలని విలేజ్ క్లినిక్కులో అర్జీ పెట్టండి. పొద్దుగూకాక పరీక్షలు పెట్టమని అడగండి. రేషనులో చట్టం చెప్పిన రాగులు అడగండి. ఆ నోటుబుక్కు లేకుండా గ్రామసభకు పోతే మనది ఏడుపు అంటారు, ఉంటే లెక్క అంటారు.

104 బండి వచ్చే రోజు ముందే తెలుసుకుని రోడ్డు మీద నిలబడండి. కాలనీలోకి దారి చూపించండి. బండి లోపలికి రాదంటే, ఎందుకు రాదో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి.